వంశధార, నాగావళి, గోస్తని: కారవాన్‌తో వెళితే రాత్రికి ఎక్కడ ఆపుకోవాలి?

పడక, వంట, టాయిలెట్ అన్నీ బండిలోనే ఉండే కారవాన్‌ను అద్దెకు మాట్లాడుకున్నవాళ్లు ముందుగా అడిగేది "ఏటికి ఎంత దగ్గరగా పెట్టుకోవచ్చండీ?" అని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వరకూ నా జవాబు ఒకటే. పగలు ఎంత దగ్గరకైనా వెళ్లండి, పడుకోవడానికి మాత్రం గట్టెక్కి రండి. తలుపు తీయగానే నీళ్లు కనపడాలన్న ముచ్చట అందరికీ ఉంటుంది. కానీ నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, చెరో 250 కిలోమీటర్లు అటూ ఇటూగా పారి మన దగ్గర సముద్రంలో కలుస్తున్నాయి. పైన రాయగడ వైపు రాత్రంతా కుండపోత కురిస్తే ఆమదాలవలసలో చినుకు పడకపోయినా ఏరు వచ్చేస్తుంది. మన నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉందని ధైర్యపడటానికి లేదు.

అందుకే చోటు చూసేటప్పుడు నీటి కంటే ముందు ఒడ్డున ఉన్న చెట్లను చూడాలి. తుమ్మ కొమ్మల్లో ఎండుగడ్డి, పాలిథిన్ సంచి పీలికలు, ఎవరిదో తెగిన చెప్పు చిక్కుకుని వేలాడుతుంటాయి. గడ్డంతా దిగువ వైపే వాలి ఉంటుంది. ఆ చెత్త ఏ ఎత్తులో ఉందో అంతవరకూ నీళ్లు వచ్చి వెళ్లాయన్నమాట. అది మీ బండి కిటికీ కంటే ఎత్తున ఉంటే ఇంకో మాట లేకుండా అక్కణ్ణుంచి కదలండి. వంశధార మీది గొట్టా బ్యారేజీకి దిగువన గేదెలు కాస్తున్న ఒక పెద్దాయన చెప్పిన మాట ఇంకా సూటిగా ఉంది: "బండిని ఆ ఇసకలో ఎట్టకండి బాబూ. రాత్రేళ ఏరొచ్చేత్తే లెగ్గానికి టైముండదు."

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ వెంటనే వంశధార ఊళ్ల మీద పడింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. ఈ తారీఖులు చూస్తే దసరా సెలవులకు కారవాన్ బుక్ చేసుకునేవాళ్లు ఏ కాలంలో వస్తున్నారో అర్థమవుతుంది. నన్నడిగితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రండి. దసరాకే రావాలనుకుంటే బయల్దేరే ముందు మూడు రోజుల వాతావరణ సూచన చూడండి. మన జిల్లాలకు చూస్తే సరిపోదు, ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాలకు కూడా చూడాలి.

ఎలాంటి చోటు?

అమెరికాలో ఆర్‌వీ పార్కుకి, అంటే కారవాన్లు ఆపుకునే చోటుకి వెళితే ఒక్కో బండికీ నంబరు వేసిన స్థలం, పక్కనే కరెంటు బాక్సు, కుళాయి, మురుగు గొట్టం ఉంటాయి. మన ఏటి ఊళ్లలో ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయని అనుకోకండి. నీళ్లు ఒకచోట, కరెంటు ఒకచోట, నిద్ర ఇంకోచోట కుదుర్చుకోవాలి. కాబట్టి ఏ నది అన్న ప్రశ్న కంటే ముందు ఎలాంటి చోటన్నది తేల్చుకోవాలి.

రిసార్టు గానీ గెస్ట్‌హౌస్ గానీ ఉంటే, ఒక గది తీసుకుని బండిని వాళ్ల ఆవరణలో పెట్టుకోవడం పిల్లలతో వచ్చేవాళ్లకు అన్నిటికంటే సుఖం. గది అద్దె దండగ అనుకుంటారు గానీ బాత్‌రూమ్, గేటు, వాచ్‌మన్ మూడూ దానితోనే వస్తాయి. పెద్దవాళ్లు ఆ గదిలో పడుకుంటారు, కుర్రాళ్లు బండిలో సర్దుకుంటారు.

నాకు బాగా నచ్చేది మాత్రం రైతు తోట. మామిడి తోటో, కొబ్బరి తోటో, ఊరికి ఆనుకుని మెట్ట మీద ఉన్నది. నీడ ఉంటుంది, బోరు నీళ్లుంటాయి, మనిషి అలికిడి ఉంటుంది. మన ఊళ్లలో మర్యాదగా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. కాకపోతే అడగాల్సింది తోటలో కనపడ్డ కుర్రాణ్ణి కాదు, తోట యజమానిని. చీకటి పడకముందే వెళ్లి, ఎంతమంది వచ్చారో, ఏ ఊరివాళ్లో, ఎన్ని గంటలకు వెళ్లిపోతారో చెప్పేయండి. డబ్బు ఎంతని అడిగితే మొహమాటపడతారు. మీరే ముందు ఒక మొత్తం చెప్పండి. కొబ్బరి చెట్ల కింద మాత్రం బండి పెట్టకండి. కాయ పడితే సోలార్ పలక గతి ఇంతే సంగతులు.

గుడి సత్రాల ఆవరణలు మామూలు రోజుల్లో ఖాళీగా ఉంటాయి, చోటు ఇస్తారు కూడా. అక్కడ మాంసం వండటం, మందు తాగడం చేయకూడదని వేరే చెప్పక్కర్లేదు. పెట్రోలు బంకు ఆఖరి దారి. హైవే మీద రాత్రంతా లారీల మోత, కళ్లలో లైట్లు. ఒక్క రాత్రి గడపడానికి పనికొస్తుందంతే.

ఇక ఇసుక ర్యాంపులు. లారీలు దిగిన దారి గట్టిగా ఉన్నట్టు కనపడుతుంది, అందుకే చాలామంది టెంప్ట్ అవుతారు. లారీకి వెనక నాలుగేసి టైర్లు, వెనక నెట్టడానికి పొక్లెయిను కూడా ఉంటుంది. మీ కారవాన్‌కి అంత పట్టు ఉండదు, నెట్టేవాళ్లూ ఉండరు. పైగా ఇసుక తీసిన గోతుల్లో నీళ్లు నిండితే పైనుంచి ఏమీ తెలియదు. మోకాలి లోతులో నడుస్తున్న మనిషి మరో అడుగుకు మునిగిపోతాడు. పిల్లల్ని స్నానానికి దింపాలంటే ఊరివాళ్లు రోజూ దిగే రేవులోనే దింపండి.

ఏ నది?

మొదటిసారి కారవాన్ ఎక్కుతున్నవాళ్లను నేను తాటిపూడికి పంపుతాను. విజయనగరం నుంచి గంట లోపు ప్రయాణం, విశాఖ నుంచి కూడా దూరం కాదు. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తని మీద 1960లలో కట్టిన రిజర్వాయరు ఇది. చుట్టూ కొండలు, నిలకడ నీరు, తారురోడ్డు, ఏ అవసరం వచ్చినా శృంగవరపుకోట దగ్గరే. ఏరు పొంగుతుందన్న టెన్షన్ ఇక్కడ తక్కువ. గేట్లెత్తితే భయం దిగువ వాళ్లకే, కాబట్టి డ్యాముకు దిగువన ఏటి ఒడ్డున మాత్రం ఆపకండి. ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు బయటపడే అంచు నేల పైకి పెచ్చులూడినట్టు ఎండి కనపడుతుంది గానీ లోపలంతా బురదే. చక్రం దిగిందంటే ట్రాక్టరు రావాల్సిందే. ఇవి విశాఖ నగరం తాగే నీళ్లు కూడా. సబ్బు నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు అందులోకి వదలకండి.

తాటిపూడికి ఒకే ఒక్క చిక్కు జనం. కార్తీక మాసం ఆదివారాల్లో వనభోజనాల బస్సులు బారులు తీరి ఉంటాయి. స్పీకర్లు, డీజేలు, సాయంత్రానికి గుట్టలుగా విస్తళ్లు. ప్రశాంతత కోసం వచ్చేవాళ్లు ఆ నెలలో సోమవారం దాటాక మధ్యలో రోజు ఎంచుకోవాలి. వనభోజనాల కోసమే వస్తే మాత్రం ఆదివారాన్ని మించింది లేదు.

రెండు మూడు రాత్రులు ఉండగలిగేవాళ్లకు నా ఓటు సంగాం. నాగావళిలో సువర్ణముఖి, వేగవతి కలిసే చోటు, సంగమేశ్వరుడి గుడి, దగ్గర్లోనే మడ్డువలస రిజర్వాయరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సంగాం ఉన్న వంగర మండలం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాత పుస్తకాల్లో శ్రీకాకుళం అని ఉంటే కంగారు పడొద్దు. శీతాకాలం పొద్దున్నే ఇక్కడ మంచు తెరలు తెరలుగా ఏటి మీద నుంచి లేస్తుంటే మూడు నదుల్లో ఏది ఏదో పోల్చుకోవడానికే అరగంట పడుతుంది. కానీ మూడు నదులంటే వరద కూడా మూడు వైపుల నుంచి వస్తుంది. నాగావళి ఒడిశా వానకు పొంగుతుంది, మిగతా రెండూ సాలూరు, పాచిపెంట కొండల వానకు పొంగుతాయి. ఒకదాని కబురు తెలుసుకుంటే సరిపోదు. బండిని గుడి దగ్గర దాకా తీసుకెళ్లి దర్శనం చేసుకుని, రాత్రికి రాజాం రోడ్డు వైపు ఎత్తున ఉన్న ఊళ్లలో ఏదైనా తోట చూసుకోవడం మంచిది. రాజాంలో సరుకులు, వర్క్‌షాపులు, ఆసుపత్రులు అన్నీ ఉన్నాయి. కారవాన్‌లో తిరిగేవాళ్లకు నది అందం కంటే ఒక్కోసారి ఈ ఊరే ఎక్కువ అక్కరకొస్తుంది.

నాగావళి వెంట గుంప, సంగాం, శ్రీకాకుళం కోటేశ్వరుడు, కళ్లేపల్లి అని శివాలయాల వరస ఉంది. బలరాముడు ప్రతిష్ఠించాడని చెబుతారు. ఆ వరస మొత్తం చూడాలని పైకి గుంప దాకా వెళ్లేవాళ్లు పగలు వెళ్లి పగలే దిగండి. అది ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస మండలాల్లో ఒడిశా నుంచి దిగిన ఏనుగులు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. చెరకు, అరటి, వరి ఎక్కడుంటే అక్కడికి వస్తాయి. నాగావళి ఒడ్డు వాటికి అలవాటైన దారి. తోటపల్లి బ్యారేజీ దగ్గర రాత్రి ఆగుదామనుకుంటే అటవీశాఖ వాళ్లను గానీ, ఆ ఊరి సచివాలయంలో గానీ ఆ రోజు గుంపు ఎటువైపుందో అడిగి తెలుసుకోండి. బండిలో అరటిగెల వేలాడదీసుకుని ఆ దారిలో వెళ్లడం మాత్రం ఎవరూ చేయకూడని పని.

వంశధార సంగతి వేరు. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకు దీనికి సాటి లేదు. ఒకే నది వెంట తూర్పు గాంగుల నాటి శ్రీముఖలింగం, బౌద్ధుల శాలిహుండం, పాత ఓడరేవు కళింగపట్నం ఉన్నాయి. ముఖలింగంలో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ నడిచి చూడొచ్చు. దగ్గర్లోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో శాలిహుండం కొండ మీది శిథిలాలను వెలుగులోకి తెచ్చారు. ఇప్పుడు మనం రాసుకుంటున్న వాడుక తెలుగు కోసం పోరాడిన ఆయన పుట్టింది ఇదే ఏటి ఒడ్డున. పిల్లలుంటే ఈ మాట చెప్పండి, ఎండలో కొండెక్కడానికి ఓపిక వస్తుంది.

ఐతే ఇక్కడ కారవాన్‌కు ఇబ్బందులు ఎక్కువే. ముఖలింగం వీధులు సన్నవి. బండిని ఊరి బయటే ఆపి నడిచి వెళ్లాలి. శివరాత్రికి, ఆ తర్వాత వచ్చే చక్రతీర్థ స్నానానికి ఒడిశా నుంచి కూడా జనం లక్షల్లో వస్తారు. ఆ రోజుల్లో పెద్ద బండితో వెళితే బయటకు రావడమే ఒక యాత్ర. గొట్టా బ్యారేజీ దగ్గర కాలువ గట్ల మీది రోడ్లు ఇంకో ఉచ్చు. ముందుకు సాఫీగా పోతాయి, ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే తిప్పుకునే చోటుండదు, వెనక్కి కిలోమీటరు రివర్స్. ముందు ఒకరు దిగి నడిచి చూసి రావాలి. శాలిహుండం, ముఖలింగం రెండూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి కాబట్టి ఆవరణల్లో బస, వంట కుదరవు.

మరి రాత్రి ఎక్కడ? వంశధార వైపు వెళితే నరసన్నపేటను మకాం చేసుకోమంటాను. హైవే పక్కనే ఉంది, ముఖలింగం ఒకవైపు, కళింగపట్నం ఒకవైపు. పట్టణానికి కాస్త ఎడంగా, హైవేకీ రైలు పట్టాలకీ దూరంగా చోటు వెతుక్కోండి. హావ్‌డా-చెన్నై లైను మీద రైలు లేని గంట ఉండదు.

కళింగపట్నంలో నది సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, సరుగుడు తోటలు చూసి "ఇక్కడే ఉండిపోదాం" అనని మనిషి ఉండడు. సాయంత్రం ఆరింటికి నేనూ అదే అంటాను. తొమ్మిదింటికి గాలి మొదలవుతుంది. బండి పక్కన కట్టిన గుడారం బట్ట టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది, వంట పొయ్యి నిలవదు, పొద్దున్నకి కిటికీ అద్దాల మీద ఉప్పు పొర. ఎత్తైన బండి గాలికి ఊగుతుంటే పెద్దవాళ్లకు నిద్ర పట్టదు. తీరం నుంచి లోపలికి వచ్చి, ఏదైనా గోడ చాటున, బండి ముక్కు గాలికి ఎదురుగా పెట్టుకుంటే కొంత నయం. చంపావతి సముద్రంలో కలిసే కోనాడ దగ్గర కూడా ఇదే పరిస్థితి.

చంపావతిని నేను రాత్రి బసకు పెద్దగా లెక్కలోకి తీసుకోను. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. రామతీర్థం వెళ్లేవాళ్లకు మాత్రం నెల్లిమర్ల వైపు ఒక రాత్రి బాగుంటుంది. రాముడి గుడి, పక్కనే బోధికొండ, గురుభక్తకొండ. ఇంకో మాట: దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. ఆ రోజు ఊళ్లోకి కారవాన్ తేవద్దు. ఊరి బయట పెట్టి ఆటోలో రండి.

ఉత్తరాన బారువ ఉంది. మహేంద్రతనయ అక్కడ సముద్రంలో కలుస్తుంది. మ్యాపులో ఈ పేరుతో వెతికితే పాతపట్నం వైపు కూడా చూపిస్తుంది, అది వంశధారలో కలిసే వేరే ఏరు, పేరు మాత్రం అదే. ఉద్దానం అనే ఈ ప్రాంతపు కొబ్బరి, జీడి తోటల్లో నీడకు కొదవ లేదు. కానీ మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడి తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, మనుషుల మీద పడిన సంఘటనలూ ఉన్నాయి. పనస, జీడిమామిడి పండ్ల కాలంలో మరీ జాగ్రత్త. రాత్రి తోటలోకి ఒంటరిగా నడవకండి, తిండి బయట వదలకండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. బీచ్ వైపు లైట్లు ఆర్పేయాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కూడా ఆ రోజుల్లోనే ఉంటాయి కాబట్టి పక్షుల కోసం వచ్చేవాళ్లు బారువ, తేలినీలాపురం కలిపి పెట్టుకోవచ్చు.

కరెంటు, నీళ్లు, ట్యాంకు

"కరెంటు ఉందండీ" అంటే ఏ కరెంటో అడగండి. ఊళ్లో ఎవరింట్లోనైనా ఇచ్చేది ఎక్కువగా చిన్న సాకెట్, ఆరు ఆంపియర్లది. దాంతో లైట్లు, ఫ్యాను, ఫోన్లు, బ్యాటరీ చార్జింగ్ అవుతాయి. బండి ఏసీకి పదహారు ఆంపియర్ల పెద్ద సాకెట్, దానికి సరిపడా లావు వైరు కావాలి. ఒకచోట బండివాళ్లు ఇచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏసీ వేశారు. అరగంటకు ప్లగ్గు ముట్టుకుంటే కాలుతోంది, తెల్లటి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది, గదంతా కమురు వాసన. వైరు చుట్ట విప్పకుండా వాడటం ఇంకో కారణం. చుట్టలోనే వేడి ఇరుక్కుపోతుంది, మొత్తం విప్పి పరచాలి. సాయంత్రం పూట వోల్టేజీ పడిపోయే ఊళ్లలో ఏసీ మీద ఆశ పెట్టుకోకుండా ఉంటే మంచిది. డిసెంబరులో వస్తే ఆ అవసరమే రాదు, దోమతెర ఒక్కటి చాలు. 200 ఆంపియర్-అవర్ల, పన్నెండు వోల్టుల బ్యాటరీలో నిండుగా ఉన్నా రెండున్నర యూనిట్ల లోపే ఉంటుంది. ఏసీకి అది ఏ మూలకు?

నీళ్లు నలుగురికి పొదుపుగా వాడినా రోజుకు వంద లీటర్లు ఉండాలి. ఏటి నీళ్లను ట్యాంకులో నింపొద్దు, సన్నటి ఒండ్రు పంపును పాడు చేస్తుంది. తాగడానికి ఊళ్లో ప్లాంటు క్యాన్లు తీసుకోండి.

బేరం కుదుర్చుకునేటప్పుడు ఎవరూ ఎత్తని విషయం టాయిలెట్ ట్యాంకు. బండి తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వాలన్న షరతు కాగితంలో చివర ఎక్కడో ఉంటుంది. ఎక్కడ ఖాళీ చేయాలో మాత్రం రాయరు. ఆఖరి రోజు చీకట్లో ఏ గెడ్డలోనో (వాగులోనో) వదిలేసి వెళ్లేవాళ్లున్నారు. ఆ గెడ్డ నీళ్లే కింద ఊరి రేవుకు వెళతాయి. బండి తీసుకునే రోజే యజమానిని అడగండి, ట్యాంకు వాళ్లే ఖాళీ చేస్తామంటే దానికి ఎంతో కాగితం మీద రాయించుకోండి. కాదంటే పెద్ద హోటలు గానీ, గది తీసుకున్న గెస్ట్‌హౌస్ గానీ వాళ్ల సెప్టిక్ ట్యాంకులోకి పోయనిస్తారేమో ముందే మాట్లాడుకోండి. క్యాసెట్ టాయిలెట్, అంటే ట్యాంకు బదులు బయటికి లాగి తీసే డబ్బా ఉన్న బండైతే దాన్ని మోసుకెళ్లి మామూలు మరుగుదొడ్డిలో పోసేయొచ్చు. అందుకే రెండు బండ్లలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే నేను క్యాసెట్ ఉన్నదే తీసుకుంటాను, సోఫా కాస్త ఇరుకైనా సరే.